చందా కట్టాం, పండగైపోయింది
1972లో డెన్మార్క్‌లో 27 కుటుంబాలు సెట్టెడామెన్ అనే కాలనీ కట్టుకున్నాయి. ఎవరిల్లు వాళ్లదే, దాంతోపాటు అందరికీ కలిపి వంటగది ఉన్న ఓ ఉమ్మడి ఇల్లు. అలాంటి కాలనీల్లో వంట వంతులవారీగా సాగుతుంది. వండేదీ, అంట్లు తోమేదీ అక్కడివాళ్లే. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో వినాయక చవితికి ఏం జరుగుతోంది? వాట్సాప్ గ్రూపులో ఫ్లాటుకింతని చందా, సెల్లార్‌లో షామియానా, కేటరింగ్ పులిహోర, చెవులు చిల్లులు పడే డీజే. అద్దెకున్నవాళ్లు చందాకి పనికొస్తారు, కమిటీకి పనికిరారు. నాకిది మింగుడుపడదు. అదే సెల్లార్‌లో బతుకమ్మ పేర్చేటప్పుడు చూడండి. గునుగు పూల కాడలు సమంగా కోసి, పూలని రంగునీళ్లలో ముంచి, తాంబాళంలో వరసలు పేరుస్తూ నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే ఎవరు ఓనరో, ఎవరు అద్దెకున్నారో అడిగేదెవరు? మూడేళ్లుగా లిఫ్టులో తలూపి ఊరుకున్న ఎదురింటావిడ పేరు అక్కడే తెలుస్తుంది. (మగవాళ్లు మాత్రం కుర్చీలేసుకుని ఫోన్లు చూసుకుంటారు, అది వేరే గొడవ.) అందుకే నా మాట వినండి: వచ్చే చవితికి కేటరింగ్ మానేసి ఉండ్రాళ్లకి బియ్యపు రవ్వ ఫ్లాట్లకి పంచండి. కొన్ని గట్టిపడితే పడనివ్వండి. అద్దెకున్న కుర్రాళ్లకి కొబ్బరి తురిమే పని అప్పజెప్పండి, కమిటీలో కుర్చీ కూడా వెయ్యండి.