చలికాలపు లేత ఆలుగడ్డ: విత్తనము సంఘము ద్వారానే రావలయును

జహీరాబాదు ప్రాంతమున పెసర, మినుము కోసికొన్న చెలకలలో ఆలుగడ్డ పెట్టుట మన రైతులకు క్రొత్త గాదు. గడ్డను పూర్తిగా ముదురనీయక, 70, 75 దినములకే లేతగా త్రవ్వి సంక్రాంతికి ముందు హైదరాబాదు అంగళ్లకు పంపినచో మేలుగా నుండునా యని కొందరు సభ్యులు ఆలోచించుచున్నారు. ఆలోచన మంచిదే. కాని విత్తనపు గడ్డను ఎవరికి వారు, ఎక్కడ దొరకిన నక్కడ, ఎప్పుడు దొరకిన నప్పుడు కొనుచున్నంత కాలము ఈ పైరు వలన లాభము రైతునకు గాక వర్తకునకే పోవునని మా దృఢమైన అభిప్రాయము.

ముందుగా ఈ పైరునకు మన ప్రాంతమున నున్న అనుకూలమును చెప్పెదము. ఆలుగడ్డ చలిపైరు. రాత్రులు 20 డిగ్రీలకు లోబడి చల్లబడిననే గాని మొక్క నేలలో గడ్డను చక్కగా కట్టదు. ఆకు మాత్రము ఏపుగా పెరుగును. జహీరాబాదు సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున నున్నది. కార్తిక మార్గశిరములలో ఇచ్చటి రాత్రులు ఈ పైరు కోరునంత చల్లగానే యుండును. ఎఱ్ఱనేలలు గుల్లగా నుండి నీరు నిలువనీయవు.

ఇక రెండవ అనుకూలము మఱింత ముఖ్యమైనది. లేతగడ్డ తోలు బొటనవ్రేలితో రుద్దిన ఊడిపోవునంత పలుచన. బస్తాలో ఒరసికొన్న చోటనెల్ల నల్లబడును. నాలుగు దినములు గడచిన వాడును. పంజాబు రైతులు సెప్టెంబరులోనే నాటి మనకన్న ముందుగనే క్రొత్తగడ్డ తీయుదురు. ఆగ్రా ప్రాంతపు పెద్దపంట ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చును. వారి పంట యెంత విస్తారమైనను వేయి కిలోమీటర్లకు మించిన దూరము లారీలో కుదుపులు పడి రావలసినదే. మన ఊళ్లకు హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. సాయంకాలము త్రవ్విన గడ్డ తెల్లవారునప్పటికి అంగడిలో నుండును. ముదురుగడ్డ విషయమున ఉత్తరదేశపు రైతుతో పోటీపడుట మనకు కష్టము; లేతగడ్డ విషయమున దూరమే వారికి అడ్డము.

అయితే కాలము తప్పరాదు. భాద్రపదములో తొందరపడి నాటినచో తడివేడికి కోసిన ముక్కలు నేలలోనే క్రుళ్లును. విశాఖ కార్తె దాటిన పిదప నాటినచో గడ్డ ఊరు వేళకు ఎండలు ముదిరి, గోలీలవంటి గడ్డలే మిగులును. చిత్త కార్తెలో మొదలిడి స్వాతి కార్తె మొదటి దినములకు నాటు ముగించుట ఉత్తమము. అక్టోబరు 23వ తేదీన నాటిన పైరునకు జనవరి 6వ తేదీకి 75 దినములు నిండును. పది దినములు వెనుకబడినచో సంక్రాంతి అంగడి దాటిపోవును.

లేతగా త్రవ్విన తూకము తగ్గునన్న మాట దాచి ప్రయోజనము లేదు. పూర్తిగా ముదిరిన 100 బస్తాలగు చేను 75 దినములకు 70 బస్తాలే యిచ్చిన దనుకొందము. అప్పుడు ముదురుగడ్డ క్వింటాలు 1000 రూపాయలు పలుకుచోట లేతగడ్డ 1430 రూపాయలు పలికిననే గాని లెక్క సరిపోదు. అందుచేత చేనంతయు ఒక్కసారి త్రవ్వుమని మేము చెప్పము. సగము లేతగా తీసి, ధర యెట్లున్నదో చూచి, తక్కిన సగమును ముదురనిచ్చుట మేలు. ఆ సగమునకు త్రవ్వుటకు పది పదునైదు దినముల ముందు పైమొక్కను కోసివేసినచో తోలు గట్టిపడి నిలువ యుండును. ఏ సగమునకైనను మన్ను బాగుగా ఎగద్రోయవలయును. వెలుతురు తగిలి పచ్చబడిన గడ్డ చేదెక్కి తినుటకు పనికిరాదు.

ఇక అసలు సంగతి విత్తనము. మాఘములో తీసిన గడ్డనే దాచి ఆశ్వయుజములో నాటుకొనరాదా యని కొందరందురు. నడుమ మన వేసవి యున్నది గదా! శీతల గిడ్డంగి లేనిచోట గడ్డ ముడుతలుపడును, క్రుళ్లును, పురుగు తొలుచును. అంతకన్న పెద్ద చిక్కు కంటి కగపడనిది: పేనుబంక మోసికొని వచ్చు వెఱ్ఱితెగుళ్లు గడ్డలోనే దాగి, ఏటేట దిగుబడిని తగ్గించుచుండును. కనుక చలిదేశమున పేనుబంక తక్కువగా నున్న కాలమున పెంచి, శీతల గిడ్డంగిలో నుంచిన విత్తనమును తెప్పించుకొనక తప్పదు. మన ప్రాంతమునకు అది ఆగ్రా వైపునుండియే వచ్చుచున్నది.

ఎకరమునకు గడ్డ పరిమాణమును బట్టి 6 మొదలు 8 క్వింటాళ్ల విత్తనము కావలయును. ఈ పైరు పెట్టుబడిలో పెద్దపాలు ఇదియే. చేతిలో రొక్కము లేని రైతు దానిని అడతి వర్తకునియొద్ద అరువు తెచ్చును. పంట ఆ వర్తకునికే, అతడు చెప్పిన ధరకే పోయును. అదియును గాక లారీ యెప్పుడు వచ్చిన నప్పుడే నాటవలసి వచ్చును. కూరకు తెచ్చిన గడ్డలో మిగిలిన చిన్నదానిని విత్తనమని యమ్మిన అడుగువా డెవడు? లేతగడ్డ లాభమంతయు పదిదినముల ముందువెనుకలలో నున్నదని పైన చెప్పితిమి. ఆ పదిదినములు ఇతరుల చేతిలో నుండగా సేద్యము మనది యెట్లగును?

సంఘము పూనుకొనిన ఇది కొండంత పని గాదు. పది టన్నుల లారీ యనగా 100 క్వింటాళ్లు. 12 మొదలు 16 ఎకరముల విత్తనము. ఎకరము, రెండెకరములు పెట్టు పదిమంది సభ్యులు కలసిన ఒక లారీ నిండును. వినాయక చవితిలోగా ఎవరికెంత కావలయునో వ్రాయించుకొని, సగము సొమ్ము బయానాగా గైకొని, ఇద్దరు అనుభవజ్ఞులను గిడ్డంగికి పంపవలయును. వారు వేర్వేరు బస్తాలనుండి నూరు గడ్డలు తీసి కోసి చూడవలయును. లోపలి వలయము గోధుమవన్నెకు తిరిగి, నొక్కినచో తెల్లని జిగురు చిమ్మునట్టి గడ్డ యొక్కటి కనబడినను ఆ సరకును ముట్టరాదు. ఆ తెగులు విత్తనముతో వచ్చి నేలలో పాతుకొనును. అల్లము సైతము అటువంటి తెగులునకే లోనగునది గనుక అల్లము పెట్టు మన రైతులు రెండింతలు జాగరూకులై యుండవలెను.

రకముల విషయమున, త్వరగా ఊరు గుణమే ప్రధానముగా చూడవలెను. 1949లో పాట్నాలో వెలసి తరువాత సిమ్లాకు తరలిన కేంద్ర ఆలుగడ్డ పరిశోధనా సంస్థ విడుదల చేసిన వానిలో కుఫ్రీ లౌకర్ పీఠభూమికి తగినది. మరాఠీలో లవకర్ యనగా త్వరగా నని యర్థము. కుఫ్రీ పుఖ్‌రాజ్ శీఘ్రముగా గడ్డ ఊరును. కుఫ్రీ సూర్య కొంత వేడికి తట్టుకొనును.

సంఘము నష్టపోవునేమో యను శంక కలదు. వ్రాయించుకొన్నంతకు మించి ఒక్క బస్తాయైనను తెప్పింపకున్న నష్టమునకు తావు లేదు. మాకు భయమంతయు వేఱొక చోటనున్నది. విత్తనము వ్రాయించుకొని, లారీ వచ్చు దినమున బజారులో వెల రెండు రూపాయలు తగ్గినదని ముఖము చాటువేయు సభ్యుడే సంఘములకు అసలు చీడ. బయానా తిరిగి యీయబడదని ముందే తీర్మానము వ్రాసి చేవ్రాళ్లు తీసికొనవలయును. ఇది కఠినమని కొందరనవచ్చును. ఇట్టి కట్టుబాటు లేని కలసికొనుగోలు నిలువదు. 1956లో ముల్కనూరులో నెలకొన్న సహకార సంఘము సభ్యుల వరివిత్తనమును తానే సిద్ధపఱచి యమ్ముచున్నది. వరికి సాధ్యమైనది ఆలుగడ్డకు సాధ్యము గాకపోదు.

విత్తనము చిత్త కార్తెకు పదిదినములు ముందుగా ఊరు చేరవలయునని మఱువరాదు. శీతల గిడ్డంగినుండి వచ్చిన గడ్డను వెంటనే నాటగూడదు. నీడపట్టున పలుచగా పఱచి, పొట్టి మొలకలు వచ్చినపిదప, ప్రతిముక్కకు రెండు కన్నులైన నుండునట్లు కోసి, కోత ఆరుటకు ఒకటి రెండు దినములు నీడలో నుంచి నాటవలెను. ఈ లెక్కను బట్టి లారీ సెప్టెంబరు చివరి వారముననే బయలుదేరి రావలయును.