పద్యపాఠమునకు పూర్వసన్నాహము

మన కళాశాలలలో సాహిత్యము నభ్యసించు విద్యార్థి పద్యమును చెవితో వినుటకు ముందే దాని ప్రతిపదార్థమును చేతితో వ్రాసికొనుచున్నాడు. అన్వయము, తాత్పర్యము, అలంకారము వరుసగా చెప్పి, పరీక్షకు వలసినంత ముగించి అధ్యాపకుడు వెడలిపోవుటయు, పద్యము గ్రంథముననే మిగిలిపోవుటయు పరిపాటియైనది. తిరుపతి వేంకటకవుల నాటకపద్యములను అక్షరము రానివారు సైతము విని, కంఠస్థము చేసికొని, పొలముగట్లపై పాడుకొనిన యీ దేశమున సాహిత్యవిద్యార్థికే పద్యము భారముగా తోచుట మిగుల శోచనీయము.

కావున పాఠమునకు సిద్ధపడు అధ్యాపకుడు మొదట తాను పద్యమును బిగ్గరగా చదివికొనవలెను. ఎచ్చట ఊపిరి నిలుపవలెనో, ఏ సమాసమును విరువక సాగింపవలెనో తన కంఠమునకు తెలిసిన పిమ్మటనే తరగతికి పోవలెను. గంటకు పది పద్యముల లెక్క మాకు సమ్మతము కాదు, ఒక్కటి చాలును.

ఉత్పలమాలనే తీసికొందము. పాదమునకు 20 అక్షరములు, పదవ యక్షరమున యతి, రెండవ దానిపై ప్రాస. దీనిని లక్షణముగా చెప్పినచో విద్యార్థి వల్లించి మరచును. అట్లుగాక, పద్యమును రెండుమారులు చదివి, నల్లబల్లపై వ్రాసి, యతిస్థానమందలి పదము నొకదానిని తుడిచివేసి, “ఇచ్చట మీరేమి వేయుదురు?” అని యడిగినచో తరగతి యంతయు మేలుకొనును. ఒకడు అర్థమునకు తగిన పదము చెప్పును, గణము చెడును. ఒకతె గణము కుదుర్చును, యతి తప్పును. మరియొకరు రెండును సరిపెట్టుసరికి పద్యము పేలవమగును. ఇంతలో, కవి యేమి వ్రాసెనో చెప్పుమని ఎవరో తప్పక అడుగుదురు. ఆ పదమును వ్రాయవలసిన క్షణము అదియే. సమస్యాపూరణమున అవధాని సభకు కలిగించు ఉత్కంఠకు మన తరగతులలో చోటేల లేకపోవలెను?

ఛందస్సనిన భయపడువారికి గురజాడవారు 1910లో వెలువరించిన ముత్యాలసరముల నడక మేలైన ప్రవేశము; మూడు, నాలుగు మాత్రల ఆ గతిని బల్లపై వ్రేళ్లతో తాళము వేసి ఎవరైనను పట్టుకొనగలరు. వచనకవితకు వచ్చినప్పుడు పంక్తి యెచ్చట విరిగినదో, అచ్చటనే యేల విరిగినదో అడుగవలెను.

అర్థము చెప్పవలదని మా యభిప్రాయము కాదు. విన్న పిదప చెప్పవలెననియే. ప్రశ్నపత్రములు కూర్చు పెద్దలు ప్రతిపదార్థపు ప్రశ్న నొకటి తగ్గించి, ఫలానిపదమునకు మారుగా దాని పర్యాయమును వేసిన పద్యమున కేమి లోపించునో వ్రాయుమని యడిగినచో, అధ్యాపకులు ఈ పద్ధతికి తమంత తామే మరలుదురు. రాబోవు విద్యాసంవత్సరముననే అట్టి ప్రశ్న యొక్కటి చేర్పుడని పాఠ్యనిర్ణయసంఘములను కోరుచున్నాము.