ఆపరేషన్‌కు ముందు ఎందుకు తినకూడదు?

పిల్లలూ! మాక్లూర్‌లో ఒక అబ్బాయికి పొద్దున నిజామాబాద్ ఆస్పత్రిలో టాన్సిల్స్ ఆపరేషన్ ఉందనుకోండి. రాత్రి భోజనం తరువాత ఏమీ తినవద్దన్నారు డాక్టరుగారు. తెల్లవారేసరికి నాయనమ్మ మనసు ఊరుకుంటుందా? “రెండు బుక్కలు తిను, బిడ్డా” అంటూ చాటుగా పెరుగన్నం పెట్టింది. ప్రేమతో చేసిన పనే. కాని దానివల్ల ప్రాణం మీదికి రావచ్చు!

మన మెడలో రెండు గొట్టాలున్నాయి. ముందుది గాలికి, వెనుకది అన్నానికి. మింగేటప్పుడు గాలిగొట్టం మీద మూత పడుతుంది. ఒక మెతుకు అటు జారితే పొలమారుతుంది. అమ్మ నెత్తిన తట్టి, “ఎవరో తలుచుకుంటున్నారు” అంటుంది. తలుచుకున్నవారి మాట ఎలా ఉన్నా, మనను కాపాడేది దగ్గే.

మత్తు ఇస్తే ఆ మూతా, ఆ దగ్గూ కూడా పనిచెయ్యవు. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి జారవచ్చు. జీర్ణరసంలోని ఆమ్లం ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. అమెరికాలో డాక్టర్ మెండెల్సన్ 1946లో కుందేళ్ల మీద పరీక్షించి ఈ సంగతి చూపాడు.

మరి, కడుపునిండా తిన్న మనిషికి బోధన్ రోడ్డు మీద ప్రమాదం జరిగితే? ఆగడానికి వీలుండదు గదా! మత్తు డాక్టరు ముందు ప్రాణవాయువు బాగా పీల్పిస్తారు. తరువాత మత్తుమందూ, కండరాలను సడలించే మందూ వెంటవెంటనే ఇచ్చి, గాలిగొట్టంలోకి మెత్తని గొట్టం దింపుతారు. దాని చివర ఉన్న బుడగను ఉబ్బిస్తే చుట్టూ సందు మూసుకుపోతుంది. అంతవరకు ఒక సహాయకుడు గొంతు ముందున్న ఉంగరంవంటి మృదులాస్థిని వేళ్లతో వెనక్కు నొక్కి, అన్నం గొట్టాన్ని మూసి ఉంచుతాడు. ఈ ఉపాయం ఇంగ్లండులో డాక్టర్ సెల్లిక్ 1961లో చెప్పాడు. ఇది ఎంతవరకు పనిచేస్తుందని వైద్యులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు!

ఏమైనా, మత్తు ఇచ్చేవారి కన్ను ఊపిరి మీదనే ఉండాలి. మన హైదరాబాదులో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1880లలోనే తన శిష్యులకు ఈ మాట నేర్పాడు.

సాధారణంగా అన్నం, ఆవుపాలు, గేదెపాలు ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. చెరుకురసం కూడా నీళ్లేగా అంటారేమో, మీరు చెరుకుతోటల పిల్లలు! గ్లాసు వెనుక వేలు పెట్టి చూడండి. కనపడదు గదా? అందుచేత అది నీళ్ల లెక్కలోకి రాదు.

ఇంతకూ మన అబ్బాయి ఏం చెయ్యాలి? డాక్టరుగారితో ఉన్నమాట చెప్పెయ్యాలి. ఆయన విసుక్కోవచ్చు. ఆపరేషన్ మధ్యాహ్నానికో, మర్నాటికో వాయిదా వేస్తారు. నాయనమ్మ పెరుగన్నం ఎక్కడికీ పోదు.