పగ్గాలు పట్టిన నాడి

శాంతి అంటే ఏ వ్యాపారమూ లేకపోవడమని చాలామంది సాధకుల భావన. దేహం స్తబ్ధమైతే చాలు, శాంతి సిద్ధించినట్లేనని వారు తలుస్తారు. శరీరధర్మం వేరు మాట చెబుతున్నది. మానవహృదయాన్ని దాని స్వభావానికి విడిచిపెడితే నిమిషానికి సుమారు 100 సార్లు స్పందిస్తుంది. ఆరోగ్యవంతుడు సుఖాసీనుడై ఉన్నప్పుడు ఆ సంఖ్య 70 ప్రాంతంలో నిలవడానికి ముఖ్యకారణం వాగస్ అనే నాడి. మెదడు అడుగుభాగంలో పుట్టి, కంఠం మీదుగా దిగి, హృదయాన్నీ శ్వాసకోశాలనూ జఠరాన్నీ ప్రేగులనూ చేరే ఈ నాడి అనుక్షణం హృదయవేగాన్ని నిగ్రహిస్తూనే ఉంటుంది. లోకం విశ్రాంతి అని పిలిచేది నిజానికి అవిచ్ఛిన్నమైన నియమనం. కఠోపనిషత్తు దేహాన్ని రథంతోనూ, మనస్సును పగ్గాలతోనూ పోల్చింది. పగ్గాలు జారవిడిస్తే గుర్రాలు నెమ్మదిస్తాయని ఎవరూ అనరు గదా!

హృదయాన్ని సంకల్పమాత్రంచేత మందగింపజేయడం సామాన్యునికి అసాధ్యం. శ్వాస మాత్రం కొంతవరకు అతని అధీనంలో ఉన్నది. పూరకవేళ వాగస్ పట్టు సడలి హృదయవేగం కొంత పెరుగుతుంది. రేచకవేళ ఆ పట్టు బిగిసి వేగం తగ్గుతుంది. రేచకం దీర్ఘమైనకొద్దీ ఆ నిగ్రహానికి అవకాశం ఎక్కువ. చిత్తప్రసాదానికి ఉపాయాలు చెబుతూ పతంజలి సమాధిపాదంలో వాయువును వెలుపలికి విడుచుటను ప్రత్యేకించి పేర్కొనడం ఇక్కడ స్మరణీయం. 2001లో ప్రకటితమైన ఒక పరిశోధనలో ఇటలీకి చెందిన లూచానో బెర్నార్డి బృందం 23 మందిచేత లాటిన్ జపమాల ప్రార్థననూ, బౌద్ధుల మణిమంత్రాన్నీ పఠింపజేసింది. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుసార్లకు దిగింది. రక్తపీడనాన్ని సరిదిద్దే సహజశక్తి మెరుగుపడింది.

అంతమాత్రాన వాగస్సే సుషుమ్న అని ప్రచారం చేయడం ఉచితం కాదు. సుషుమ్న యోగశాస్త్రంలో ధ్యానగమ్యం. వాగస్ శస్త్రవైద్యుని కత్తికి అందే పదార్థం. రెంటినీ కలిపితే రెంటికీ అపచారమే.

చింతించవలసినది వేరొకటి ఉన్నది. సంధ్యావందనంలో అర్ఘ్యానికి ముందు, జపానికి ముందు ప్రాణాయామం విహితం. సప్తవ్యాహృతులతో, శిరస్సుతో కూడిన గాయత్రిని ప్రాణాన్ని నియమించి ముమ్మారు స్మరించాలి. నేడు అధికులు చేస్తున్నది నాసికను వేళ్ళతో స్పృశించి వదలివేయడం! ఆఫీసుకు వేళ అవుతున్నదన్న తొందరలో మంత్రం సగం మింగి, గుండె దడదడలాడుతూ ఉండగానే జపానికి కూర్చుంటారు. పిదప మనస్సు నిలవడం లేదని వాపోతారు. నూట ఎనిమిది చేయలేనివాడు పది గాయత్రులే చేయవచ్చు, శాస్త్రం అనుమతించినదే; ప్రాణాయామాన్ని మాత్రం కుదించరాదు.

దీనికి విపరీతమైన అత్యుత్సాహమూ కనిపిస్తున్నది. పూరకానికి నాలుగింతలు కుంభకం, రెండింతలు రేచకం అన్న ప్రమాణాన్ని చదివి, రక్తపోటు ఉన్న వృద్ధులు సైతం ఊపిరి బిగబట్టి ముఖం ఎర్రబారేదాకా కూర్చుంటున్నారు. అట్టివారికి బలవంతం లేని పూరకం, అంతకు కొంచెం దీర్ఘమైన రేచకం చాలు. కుంభకం విషయంలో గురువునూ వైద్యునీ ఇద్దరినీ అడిగిన తరువాతనే.