రెజ్యూమె ఉన్నది.. సెర్చ్‌ల దొర్కుతలేదు!

అశోక్‌నగర్ రూముల, నారాయణగూడ హాస్టళ్ల, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల ఏండ్లకేండ్లు సదువుకున్న మనోళ్లు ఇప్పుడు జాబ్ పోర్టళ్లల్ల రెజ్యూమెలు పెడ్తున్నరు. పెట్టక ఏంజేస్తరు? 2022ల 503 పోస్టులకు ఇచ్చిన గ్రూప్–1ల ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. ఒకసారి పేపర్ లీకై, ఇంకోసారి హైకోర్టు తీర్పుతోని. 2024ల 563 పోస్టులకు మళ్ల కొత్త నోటిఫికేషన్. ఊరికెల్లి పైసలు పంపే నాయినకు అందాక వయసు ఆగుతదా?

రెజ్యూమె పెట్టినంక ఫోన్ రాదు. నాకే ఏం రాదేమో అని పోరగాళ్లు కుమిలిపోతరు. నేననేదేందంటే, చాలాసార్లు ఆ రెజ్యూమె ఎవ్వలు చదవనే లేదు.

వేల రెజ్యూమెలు హెచ్‌ఆర్ ఒక్కొక్కటి తెరిచి చూడడు. సెర్చ్ డబ్బాల ఇంగ్లీషుల ఇట్ల కొడ్తడు: (అకౌంటెంట్ ఆర్ "అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్") అండ్ ట్యాలీ అండ్ జీఎస్టీ నాట్ ఫ్రెషర్. దీన్నే బూలియన్ సెర్చ్ అంటరు. అండ్ అంటే అన్నీ ఉండాలె. ఆర్ అంటే ఏదో ఒకటున్నా సాలు. నాట్ అంటే ఆ మాట ఉన్నోన్ని తీసెయ్. కొటేషన్ల పెడ్తే ఆ మాటలు అదే వరుసల ఉండాలె.

మన బీకాం పిలగాడు "కంప్యూటర్ వస్తది" అని రాసి ఊకున్నడనుకోండ్రి. వానికి ట్యాలీ మంచిగనే వస్తది. కానీ ఆ మాట రెజ్యూమెల లేదు, గందుకే సెర్చ్‌ల వాడు లేడు. ఇంకోడు "నేను ఫ్రెషర్ కాదు, రెండేండ్లు దుకాణంల లెక్కలు రాసిన" అన్నడు. ఫ్రెషర్ అనే మాట కనవడంగనే వాన్ని గూడ అవతల పడేస్తది. మాట ఉందా లేదా అంతే, అర్థంతోని దానికి పనిలేదు.

ఈ లెక్కకు మూలమైన జార్జ్ బూల్ ఇంగ్లండ్‌ల చెప్పులు కుట్టేటాయన కొడుకు. డిగ్రీ లేదు. సొంతంగ సదువుకొని 1849ల ఐర్లండ్‌ల కార్క్ కాలేజీకి లెక్కల ప్రొఫెసర్ అయిండు. "అండ్ డిగ్రీ" అని కొడ్తే ఆయన గూడ దొర్కడు!

సిలబస్ చదివినట్టే జాబ్ ప్రకటన చదవాలె. అండ్ల ఉన్న మాటలల్ల మీకు నిజంగ వచ్చినయి అదే స్పెల్లింగ్‌తోని రాయాలె. బీకాం, బ్యాచిలర్ ఆఫ్ కామర్స్ రెండూ పెట్టాలె. జిరాక్స్ షాపుల కొట్టిచ్చిన స్కాన్ ఫొటో కాదు, టైపు చేసిన ఫైల్ ఎక్కించాలె. రానిది రాస్తే ఇంటర్వ్యూల దొరికిపోతరు.

అట్లని తప్పంతా మనోళ్లదే అంటే నేనొప్ప. గ్రూప్స్‌ల హాల్‌టికెట్ నంబర్ ఉంటది, కీ మీద అభ్యంతరం పెట్టొచ్చు, కోర్టుకు పోవచ్చు. సెర్చ్ డబ్బాల ఏ మాటకు తీసేసిన్రో అడుగుదామంటే మనిషే లేడు. నాలుగేండ్లు రాజ్యాంగం, ఎకానమీ సదివినోనికి "గ్యాప్" అని పేరు వెడ్తున్నరు. ఎందుకు తీసేసిన్రో కంపెనీలు ఒక్క లైన్‌ల చెప్పాలె. సర్కారు పెట్టే జాబ్ మేళాలల్లనన్న ఈ షరతు ముందుగాల పెట్టాలె.