ఆ వారాంతపు అతిథి ఎవరు?

అమెరికాలో మధ్య పశ్చిమ రాష్ట్రాలు అనగానే మనకు చికాగో గుర్తొస్తుంది, లేదా మన పిల్లలు చదువుకోడానికి వెళ్ళే యూనివర్సిటీలు గుర్తొస్తాయి. మొక్కజొన్న, సోయా చేల నడుమ రెండు మూడు వేల జనాభాతో ఉండే ఊళ్ళు మన లెక్కలోకి రావు. 2019లో ఒక ఫెలోషిప్ మీద నాలుగు నెలలు అయోవా రాష్ట్రంలో ఉన్నాను. శనివారాలు దగ్గరలోని ఒక చిన్న ఊరి లైబ్రరీకి వెళ్ళి, ఆ ఊరి వారపత్రిక పాత సంచికలు చదివేదాన్ని. నా పరిశోధనకు దానితో నేరుగా సంబంధం లేదు. మొదట్లో సరదా మాత్రమే.

ఆ పత్రికలో ఏముంటుంది? స్కూల్లో ఆ వారం మధ్యాహ్న భోజనం ఏమిటో, బాస్కెట్‌బాల్ జట్టు ఎవరి చేతిలో ఓడిందో, చర్చి విందుకు ఎవరు ఏం వండి తెచ్చారో, కౌంటీ సంతలో ఏ పిల్ల పెంచిన పందికి బహుమతి వచ్చిందో ఉంటుంది. ఇక అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టేవి రాకపోకలు. ఆదివారం ఫలానావారింటికి భోజనానికి ఎవరెవరు వచ్చారు, ఎవరు కూతురింటికి వెళ్ళారు, ఎవరికి పిత్తాశయం ఆపరేషను అయింది. నవ్వుకునేదాన్ని. మన ఊళ్ళో బావి దగ్గర చెప్పుకునే కబుర్లని వీళ్ళు అచ్చువేసుకుంటున్నారే అనుకున్నాను.

ఈ కబుర్లు రాసినవాళ్ళు ఎవరని అడిగితే లైబ్రరీలో పనిచేసే డెబ్భై ఏళ్ళావిడ, ‘మా అమ్మలాంటివాళ్ళు’ అంది. పత్రికలు చుట్టుపక్కల ఒక్కో పల్లెకి ఒక్కో విలేకరిని పెట్టుకునేవి. దాదాపు అందరూ స్త్రీలే. అచ్చయిన వార్తని స్కేలుతో కొలిచి అంగుళానికి ఇంత అని ఇచ్చేవారు. ఈవిడ తల్లి ఆదివారం సాయంత్రం అంట్లు తోముకున్నాక వంటింటి గోడకున్న ఫోను తీసి ఒక్కో ఇంటికీ ఫోను చేసి, విన్నది కాగితం మీద రాసి, సోమవారం పోస్టులో వేసేదట. అది ఉద్యోగమని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. ఒక ప్రాంతపు సామాజిక చరిత్రని వారం వారం రాసిపెట్టిన మనిషికి ఆ డబ్బు సబ్బులకీ సూదులకీ సరిపోయేది.

ఆ శనివారమే ఆవిడ 1950ల నాటి సంచిక ఒకటి తెరిచి ఒక వాక్యం చూపించింది. ఒక రైతు భార్య, ఇద్దరు పిల్లలతో, తమ ఇంట వారాంతపు అతిథిగా ఉన్నారని ఉంది. ‘ఆ రాత్రి ఆమె వచ్చినప్పుడు నేను మెలకువగానే ఉన్నాను. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అమ్మ ఆమెని నా మంచం మీద పడుకోబెట్టింది. సోమవారం ఆమె భర్త వచ్చి తీసుకెళ్ళాడు. అమ్మ వార్త రాసింది’ అంది. అబద్ధం రాయలేదు. నిజమూ రాయలేదు.

అప్పట్నుంచి ఆ రాకపోకల జాబితాలు నేను వేరుగా చదవడం మొదలుపెట్టాను. ఒకే స్త్రీ ఒకే సంవత్సరంలో నాలుగుసార్లు పుట్టింట్లో ‘కొన్నాళ్ళు గడిపింది’ అని ఉంటే ఆగిపోయేదాన్ని. అన్నీ దెబ్బలు తిన్న కథలే అని నేననడం లేదు, తల్లిని చూడాలనిపించి వెళ్ళినవాళ్ళు కూడా ఉంటారు. కానీ మనకు ఈ భాష కొత్తా? ‘పుట్టింటికొచ్చింది’ అన్న మాట వెనక ఎన్ని రకాల రావడాలు ఉంటాయో కౌన్సెలింగ్ సెంటర్లలో కూర్చున్న మనకి తెలియనిది కాదు.

ఇంకో సంగతి, ఆ స్త్రీకి పేరు లేదు. మిసెస్ అని రాసి భర్త పేరు, ఇంటిపేరు రాసేవారు. అమెరికాలో చాలా పత్రికలు 1970ల దాకా ఇలాగే రాశాయి. అచ్చంగా ఆడవాళ్ళు ఆడవాళ్ళ గురించి రాసిన పేజీలో అన్నీ మగవాళ్ళ పేర్లే. ఓటర్ల జాబితాలో ‘భర్త పేరు’ గడి నింపుతూ వచ్చిన మనం దీన్ని చూసి నవ్వలేం.

ఈ మౌనం ఎంత దూరం వెళ్తుందో చూపించిన కేసు కూడా అయోవాదే. 1900 డిసెంబరు మొదట్లో, వారెన్ కౌంటీలో జాన్ హోసక్ అనే రైతుని రాత్రి పక్కమీద ఉండగానే ఎవరో గొడ్డలితో కొట్టి చంపారు. అదే పక్కమీద నిద్రపోతున్న భార్య మార్గరెట్, తాను ఎవర్నీ చూడలేదని చెప్పింది. భర్త అంత్యక్రియలు జరిగిన రోజునే ఆమెని అరెస్టు చేశారు. డెమోయిన్ నగరపు దినపత్రికలో అప్పుడే చేరిన యువ విలేకరి సూసన్ గ్లాస్పెల్ ఈ కేసు గురించి వరసగా రాసింది. మొదట్లో ఆమె కూడా ఊరితో పాటే రాసింది - ముద్దాయి బలిష్టంగా ఉందనీ, కళ్ళలో నీళ్ళు లేవనీ. తరవాత హోసక్‌ల ఇంటికి వెళ్ళి ఆ వంటిల్లు చూసి వచ్చాక రాతలో మెత్తదనం వచ్చిందని ఆ వార్తలు పరిశీలించినవారు చెబుతారు.

విచారణలో నన్ను కదిలించింది వేరే. ఇంట్లో గొడవలు భరించలేక మార్గరెట్ గతంలో ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్ళి చెప్పుకుంది, సాయం అడిగింది. సర్దుకుపొమ్మని పంపించారు. ఆ ఇరుగుపొరుగే ఇప్పుడు సాక్షులుగా వచ్చి ఆమె చెప్పుకున్న మాటలన్నీ కోర్టులో చెప్పారు. వాటినే హత్యకి కారణంగా ప్రాసిక్యూషన్ వాడుకుంది. నోరు తెరిచి చెప్పుకోవడమే ఆమె మీద సాక్ష్యం అయింది. జ్యూరీలో అందరూ మగవాళ్ళే, అప్పటికి స్త్రీలకి ఓటే లేదు. 1901లో యావజ్జీవ శిక్ష వేశారు. 1902లో రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. 1903లో రెండో విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. గ్లాస్పెల్ మొదటి తీర్పు వచ్చిన ఏడాదే పత్రిక ఉద్యోగం మానేసింది. పదిహేనేళ్ళ తర్వాత, 1916లో, ఆ కేసు ఆధారంగానే ‘ట్రైఫిల్స్’ నాటిక రాసింది. నేను ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో ఇంగ్లీషు శాఖ అమ్మాయిలు దాన్ని వేశారు. అందులో మగ అధికారులు ‘వంటింటి చిల్లర సామాను’ అని వదిలేసిన చోటే ఆడవాళ్ళకి అసలు సంగతి దొరుకుతుంది. పత్రికలో రాయలేకపోయింది నాటికలో రాసిందని నాకనిపిస్తుంది.

చిన్న ఊళ్ళ గురించి, అక్కడి ‘అందరం ఒకే కుటుంబం’ గురించి మురిసిపోయేవాళ్ళతో అందుకే నాకు పేచీ. అందరూ అందరికీ తెలిసిన చోట షెరీఫ్ నీ భర్త చిన్ననాటి స్నేహితుడై ఉంటాడు. ఫిర్యాదు రాసుకునే గుమస్తా మీ అత్తగారి చర్చిలోనే పాడుతుంది. ఇక ఆ ‘అందరిలో’ ఎవరు లేరన్నది ఇంకో ప్రశ్న. అయోవాలోనే స్టార్మ్ లేక్ అనే ఊరుంది. మాంసం కర్మాగారాల్లో పనికి లావోస్ నుంచి, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలతో నిండిన ఊరు. అక్కడి చిన్న పత్రిక సంపాదకుడు ఆర్ట్ కల్లెన్‌కి, వ్యవసాయ కంపెనీల బలాన్ని ఎదిరించిన సంపాదకీయాలకి 2017లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ ఊరి మనుషుల గురించి ఇంటింటి కథనాలు రాసి, ఫొటోలు తీసే డొలోరెస్ కల్లెన్ ఆయన భార్య. సంపాదకీయానికి బహుమతి ఉంది. ఊళ్ళో వాళ్ళ మంచీచెడ్డా రాసే పనికి అంత గుర్తింపు రాదు.

అయితే పత్రిక పోతే పీడ పోయిందని నేననను. ఒకప్పుడు అని ఉండేదాన్నేమో. 2023 ఆగస్టు 11న కాన్సస్ రాష్ట్రంలో రెండు వేల మంది ఉన్న మేరియన్ అనే ఊళ్ళో జరిగింది చదివాక అనలేను. ఒక హోటలు యజమానురాలి డ్రైవింగ్ రికార్డుని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నారన్న నెపంతో పోలీసులు ‘మేరియన్ కౌంటీ రికార్డ్’ ఆఫీసు మీద, సంపాదకుడి ఇంటిమీద దాడి చేసి కంప్యూటర్లు, ఫోన్లు పట్టుకుపోయారు. ఆ ఇంట్లో ఉన్నది ఆయన తల్లి, పత్రిక సహ యజమాని జోన్ మేయర్. 98 ఏళ్ళ మనిషి. 1960ల నుంచీ ఆ పత్రికలో పనిచేసింది. చివరిదాకా ఊరి పాత రోజుల గురించి శీర్షిక నడిపింది. నడవడానికి ఊతంగా పెట్టుకున్న వాకర్ పట్టుకుని నిలబడి, ఇది నా ఇల్లు, బయటికి పొమ్మని పోలీసుల మీద కేకలేసింది. ఆ దృశ్యం ఇంటి కెమెరాలో రికార్డయింది. మర్నాడు చనిపోయింది. సిబ్బంది రాత్రంతా కూర్చుని, బుధవారం పత్రిక తెచ్చారు. అదే రోజు కౌంటీ అటార్నీ ఆధారాలు చాలవని వారెంట్లు వెనక్కి తీసుకున్నాడు. అక్టోబరులో పోలీసు అధిపతి రాజీనామా చేశాడు. ఆ అధిపతి గతం గురించి పత్రిక విలేకరి, ఆమె కూడా స్త్రీయే, అంతకుముందే వివరాలు సేకరిస్తూ ఉంది. 2025 నవంబరులో కౌంటీ విచారం ప్రకటించి, సుమారు 30 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇందులో ఆడవాళ్ళందరూ ఒకవైపు లేరు. వారెంటు మీద సంతకం పెట్టిన మేజిస్ట్రేటు స్త్రీ. ఫిర్యాదు చేసిందీ స్త్రీయే. దాడి జరిగిన మరో ఇల్లు ఊరి కౌన్సిల్లో ఉన్న పెద్దావిడది. ఇది మనకి ఇబ్బందిగా ఉన్నా చెప్పుకోవాలి.

నార్త్ వెస్టర్న్ యూనివర్సిటీ మెడిల్ స్కూలు 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం అమెరికాలో 2005 తర్వాత 3,200కి పైగా పత్రికలు మూతపడ్డాయి. ఎక్కువ భాగం వారపత్రికలే. అప్పటికి 206 కౌంటీల్లో స్థానిక వార్తలిచ్చేదే లేదు. దీనితో కలిపి ఇంకో లెక్క చదవాలి. 2022 నాటికి ఆ దేశపు గ్రామీణ ఆసుపత్రుల్లో సగానికి పైగా కాన్పులు చేయడం లేదు. ప్రసూతి వార్డు మూసేయాలని ఒక బోర్డు సమావేశంలో నిర్ణయమవుతుంది. ఆ గదిలో రాసుకునే మనిషి లేకపోతే, ఆ సంగతి ఊరికి ఎప్పుడు తెలుస్తుంది? నొప్పులతో అరవై మైళ్ళు కారులో వెళ్ళేటప్పుడు తెలుస్తుంది. పందెంలో గెలిచిన పంది గురించి రాసిన మనిషే మంగళవారం ఆ బోర్డు సమావేశంలో కూర్చునేది. మనం కబుర్లు అని తీసిపారేసిన ఆ పనిలోనే ఈ పని కూడా ఉంది.

నేను చదివిన ఆ వారపత్రిక 2021లో ఆగిపోయింది. లైబ్రరీ ఆవిడతో నాకు ఇప్పటికీ ఉత్తరాలు నడుస్తున్నాయి. ఆవిడ ఇప్పుడు కౌంటీ సమావేశాలకి నోటుబుక్కు పట్టుకుని వెళ్తోంది. ఎవరూ పంపలేదు, ఎవరూ డబ్బివ్వరు. ఒక పేజీ టైపు చేసి లైబ్రరీ బల్లమీద పెడుతుంది. పొరుగు పట్నంలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే చోటి ఫోను నంబరు ప్రతిసారీ అడుగున వేస్తుందట. మొదట పది కాపీలు తీసేదాన్ననీ, ఇప్పుడు నలభై చాలడం లేదనీ, అడుగున నంబరు ఉన్న ముక్కని చింపుకుని మిగతా కాగితం బల్లమీదే వదిలేసి వెళ్తున్నారనీ పోయిన నెల రాసింది.