హాల్లో టీవీ మీద బిటియాకూ హక్ ఉంది

కళ్లు మంటగా ఉన్నాయని ఐనక్ దుకాణానికి వెళ్తే ముందుగా చూపించేది 'బ్లూ కట్' అద్దాలు. కంప్యూటర్ నుంచి వచ్చే నీలి రోష్నీ వల్లే ఈ తక్లీఫ్ అంతా అంటారు. 2023లో కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించింది. కొద్ది రోజులు, వారాల వాడకంలో మామూలు అద్దాల కన్నా ఇవి కళ్ల అలసటను ఎక్కువగా తగ్గిస్తాయనడానికి దాఖలా దొరకలేదని చెప్పింది. అందుకే నా ఖయాల్ ఏమిటంటే, ముందు మార్చాల్సింది అద్దాలు కాదు, తెర. మంచి తెర కోసం బజారుకు పోవాల్సిన జరూరత్ కూడా చాలా ఇళ్లకు లేదు. అది హాల్లో గోడకు వేలాడుతూనే ఉంది.

కళ్లు అలసిపోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు. మొదటిది దగ్గరి చూపు. అర మీటరు దూరంలోని అక్షరం కనబడాలంటే కంటి లోపలి చిన్న కండరం బిగుసుకుని ఉండాలి. గంటలకొద్దీ పిడికిలి బిగించి కూర్చోవడం లాంటిదే ఇది. తెర రెండు మీటర్ల దూరానికి జరిగితే కంటికి ఆ పని నాలుగో వంతుకు తగ్గుతుంది. రెండోది రెప్ప. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్ల దాకా కొట్టుకునే రెప్ప, తెర ముందు అందులో సగానికి, ఒక్కోసారి ఇంకా తక్కువకు పడిపోతుంది. కన్ను ఎండి మంట పుడుతుంది. మూడోది వెలుతురు. గదంతా చీకటిగా ఉండి తెర ఒక్కటే భగ్గుమంటున్నా, కిటికీ వెలుగు తెర మీద మెరుస్తున్నా కంటికి ఆరామ్ ఉండదు.

మానిటర్‌కు బదులుగా ఈ-ఇంక్ తెరలు వచ్చాయి. కిండిల్‌లో ఉండేది ఇదే. దీని వెనక దీపం ఉండదు. నలుపు, తెలుపు రేణువులు కదిలి అక్షరంగా నిలబడతాయి. గదిలోని వెలుగే దాని మీద పడి మన కంటికి చేరుతుంది. చూపు అంటే వస్తువు నుంచి వచ్చే వెలుగు కంట్లోకి చేరడమేనని పదకొండో శతాబ్దంలోనే కితాబుల్ మనాజిర్‌లో వివరించిన ఇబ్న్ అల్ హైసమ్, కాగజ్‌లాంటి ఈ తెరను చూస్తే ముచ్చటపడేవారేమో! దాసుంగ్, బూక్స్ కంపెనీలు ఈ రకం మానిటర్లు కూడా చేస్తున్నాయి. కానీ ధర మామూలు మానిటర్‌కు ఎన్నో రెట్లు. పేజీ మారితే పాత అక్షరాల నీడ మిగులుతుంది. వీడియో చూడాలంటే చిరాకు. రోజంతా ఫైళ్లు చదివే వకీల్ సాబ్‌కు ఆ ఖర్చు దండగ కాకపోవచ్చు. మన మామూలు జేబులకు మాత్రం బరువే.

పైసా ఖర్చులేని దారి నోరూ చెవీ. నా వ్యాసాల మొదటి ముసాయిదా నేను ఫోన్‌కు నోటితోనే చెప్తాను. తెలుగు బాగానే రాసిపెడుతుంది, మన ఉర్దూ లఫ్జుల దగ్గర తడబడుతుంది. రాసినదాన్ని ఫోన్‌తోనే చదివించుకుని వింటే తప్పులు చెవికి దొరికిపోతాయి. హాఫిజ్‌లను తయారుచేసుకున్న ఖౌమ్‌కు చెవితో చదవడం కొత్తేమీ కాదు కదా.

ఇక అసలు మాట. మన మొహల్లాల్లో ఇప్పుడు ఎంతోమంది ఆడపిల్లలు ఇంటి నుంచే పని చేస్తున్నారు. డేటా ఎంట్రీ, ట్యూషన్లు, అకౌంట్లు. వాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో ఒకసారి చూడండి. మంచం మీదో, వంటింటి పక్క మూలలోనో, ఒళ్లో చిన్న లాప్‌టాప్, వంగిన మెడ. హాల్లో పెద్ద టీవీలో మాత్రం ఎర్తుగ్రుల్ గుర్రాలు పరుగెడుతుంటాయి. ఇంటి కిరాయిలో ఆ పిల్ల సంపాదన ఉంటుంది. ఇంటి తెరలో మాత్రం ఆమెకు వాటా ఉండదు. అన్నయ్యకు ఆఫీసు మీటింగ్ ఉందంటే ఇల్లంతా ఖామోష్. చెల్లెలి పనికి ఆ ఇజ్జత్ ఎందుకు లేదు?

కొన్ని వందల రూపాయల హెచ్‌డీఎంఐ కేబుల్‌తో లాప్‌టాప్‌ను టీవీకి కలపొచ్చు. కీబోర్డు, మౌస్ వైర్‌లెస్‌వి అయితే రెండు మీటర్ల దూరంలో హాయిగా కూర్చోవచ్చు. టీవీ వెలుగు బాగా తగ్గించి, అక్షరాలను ఒకటిన్నర రెట్లకో, ఇంకా ఎక్కువకో పెంచుకోవాలి. టీవీ సెట్టింగుల్లో పీసీ మోడ్ ఉంటే అది పెట్టాలి. ముప్పై రెండు అంగుళాల పాత టీవీల్లో సన్నని అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి, ఫుల్ హెచ్‌డీ అయితే నయం. చత్వారం వచ్చిన మా వయసువాళ్లకూ దీంతో లాభమే. దూరపు చూపు బాగుంటే దగ్గరి ఐనక్ తీసేసి పని చేసుకోవచ్చు.

ఆఫీసు కాగితాలు నలుగురి కంటా పడకూడదనేవాళ్లుంటారు. నిజమే, అలాంటి పనికి ఇది కుదరదు. టీవీని ఆమె గదిలోకి మార్చినా సరే, కుదరకపోతే లాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, బయటి కీబోర్డు కొనివ్వండి. తెర కొంతైనా దూరం జరుగుతుంది, మెడ నిలబడుతుంది.

ఎంత మంచి తెరకైనా పరహేజ్ తప్పదు. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన్ని ఇరవై సెకన్లు చూడాలి. రెప్ప వేయడం గుర్తుపెట్టుకోవాలి. జొహర్‌కూ అసర్‌కూ లేవడం మంచిదే, కానీ ఆ రెంటి మధ్య గంటలు చాలా ఉన్నాయి. చూపు మసకబారినా, తలనొప్పి వదలకపోయినా, షుగర్ ఉన్నా ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

కళ్లు అల్లా ఇచ్చిన అమానత్ అని పిల్లలకు చెప్తుంటాం. బిటియా కళ్లూ ఆ అమానతే. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా హాల్లో టీవీ ఆమెది అని ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క మాట అంటే చాలు. సీరియల్ రాత్రికి చూసుకోవచ్చు.